‘డు’ మింగిన మేనల్లుడు

మదనపల్లె,
27 జనవరి 2025

గుడుపల్లెలో గొంతెత్తితే కర్ణాటక సరిహద్దు దాకా వినిపించే మా మేనత్త రాములమ్మ సముఖానికి,

నీ తమ్ముడు మునిరత్నం ఏకైక పుత్రుడు మురళి, బి.కాం., వినయ విధేయతలతో విన్నవించుకునేది. వినయం నిన్ననే కొత్తగా తెప్పించాను, ఇంకా సరిగ్గా పట్టలేదు, సర్దుకో.

ఫోన్లో నీతో మాట్లాడే పని నేను మానుకున్నాను. మొన్న "బాగున్నావా అత్తా" అన్నాను. "బెంగుళూరా? యాల పోతాండావు?" అన్నావు. శిబిరంలో ఉచితంగా ఇచ్చిన చెవి మిషనేమో బ్యాటరీ అరిగిపోతుందని ట్రంకుపెట్టెలో దాచావు. కనుక ఉత్తరాలే గతి. "ఈ ఊళ్లో పోస్టు డబ్బాకు మిగిలిన ఆఖరి దిక్కువి నువ్వేనన్నా" అంటోంది మా చెల్లెలు రాణి.

ఇక దేశ పరిస్థితి. పుంగనూరులో నేను పనిచేసే విత్తనాల కంపెనీలో ఏరియా మేనేజర్ కుర్చీ ఖాళీ అయింది. మా పెద్దసారు భీమరావు గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ సెలవిచ్చారు: "సొంతంగా నాలుగు చక్రాలున్నోడికే ఆ పోస్టప్పా. బైకు మీద పొయ్యి అడిగితే రైతు కూడా ఇత్తనం కొనడు." అటు ప్రభుత్వం వారి ఉత్తర్వు ఏమిటంటే, ఇంట్లో ఎవరి పేరు మీదైనా సొంత కారుంటే ఆ ఇల్లు పేదిల్లు కాదు. తెల్ల కార్డు పోతుంది. రాణి నర్సింగు కాలేజీకి సర్కారు కట్టే ఫీజూ పోతుంది. ఆ కారు కొత్తదా, నలుగురు తోస్తే గానీ కదలనిదా అని అడిగే గడి దరఖాస్తులో లేదు. కంపెనీ కారు కొనమంటుంది, ప్రభుత్వం కొంటే చూస్తానంటుంది. ఇద్దరి మధ్యా నేను బైకు మీద తిరుగుతున్నాను.

పుంగనూరులో పాత కార్లు అమ్మించే ఖాజా మొహిద్దీన్ గారిని సలహా అడిగాను. ఆయన గడ్డం నిమురుకుని, "పసుపు బోర్డు ఏసేయ్ భాయ్. ట్యాక్సీ అయితే సర్కారు ఏమీ అనదు. కార్డూ ఉంటాది, కారూ ఉంటాది" అన్నాడు. నాకు మనసొప్పలేదత్తా. పసుపు బోర్డు వేసుకుని బి.కొత్తకోటలో దిగితే రైతులు నన్ను విత్తనాల గురించి అడగరు, బస్టాండుకు ఎంత తీసుకుంటావని అడుగుతారు. ఏరియా మేనేజర్ అన్నాక తెల్ల బోర్డు ఉండాలి. అందుకని వేరే దారి చూసుకున్నాను. వివరాలతో నీ తల బరువు చేయను.

అసలు సంగతి: ఇరవయ్యో తేదీన కుప్పం బస్టాండు పక్క నెట్ సెంటర్లో ఇంగ్లీషు ఫారం మీద నువ్వు సంతకం పెట్టి, మిషను మీద వేలు పెట్టావు చూడు, ఆ పని పూర్తయింది. "తెల్ల కారుకత్తా!" అని నేను నీ చెవిలో అరిస్తే, బయలుదేరబోతున్న బస్సులో వాళ్లు కూడా తలలు బయటపెట్టారు. నువ్వు మాత్రం "పెట్టుకోరా" అని నింపాదిగా తల ఊపావు. తెల్ల కారు నీ పేరు మీదికి వచ్చేసింది. శుభం.

నీ సంతకానికి శిరసు వంచిన,
కాబోయే ఏరియా మేనేజర్
మురళి


గుడుపల్లె,
ఫిబ్రవరి 4

మురళికి అత్త రాసేది.

నేను బాగుండాను. మోకాళ్లు బాగలేవు. వాటి సంగతి వేరే జాబులో రాస్తాను, ఒక జాబుకు సరిపోదు.

నువ్వు రాసింది రెండు తూర్లు సదివినాను. ఒరే, బి.కాం. సదివినావే, కార్డు అని రాసేది రాదా నీకు? ‘తెల్ల కారు నీ పేరు మీదికి వచ్చేసింది’ అంట. డు యాడ మింగినావురా? ఐదో తరగతి సదివినదాన్ని నేను రాస్తాండాను సూడు. కార్డు. కార్డు. కార్డు. మీ అయ్యవారికి నా తరఫున రెండు తగిలించల్ల.

మీ మామ మల్లప్ప పోయినప్పట్నుంచీ తెల్ల కార్డు నా పేరుమీదే ఉండాది గదా, మళ్లా వచ్చేదేంది? వేలు పెట్టేది బాకీ ఉన్నింది, అది అయిపోయింది అంటావు, అంతే గదా. మా ఊరి సచివాలయంలో పనిచేసే పాప సల్మా నెల్లాళ్లుగా ఒకటే పోరు, "అవ్వా, కార్డుండేవోళ్లంతా వేలు పెట్టల్ల, లేకుంటే ఆగిపోతాది" అని. "మా అల్లుడు కుప్పానికి పిలిపిచ్చి దగ్గరుండి చేపిచ్చినాడు" అని పక్కింటి చెంగమ్మకు పది తూర్లు చెప్పినాను. పదకొండో తూరి ఆయమ్మ వాకిలేసుకునింది.

నీ కారు సంగతి సంతోషం. మీ ఇంట్లో కారుంటే రాణి ఫీజు పోతాదంటే ఇంట్లోవోళ్ల పేరు యాల పెడతావు? పోయేదేమీ లేనోళ్లు ఎవరన్నా ఉంటే సూసి వాళ్ల పేరు పెట్టు. ఈడ కుప్పం తట్టు సగం మంది కర్ణాటక నంబర్లతో తిరుగుతాండారు, వాళ్లందరికీ కార్డులుండాయి. నాకు కారొద్దుగానీ ఒక దినం కూసోబెట్టుకోని హార్స్లీ హిల్స్ సూపిచ్చు. ఆ కొండ కింద చెనిక్కాయలు పెరికేదానికి శానా తూర్లు పోయినాను. పైన ఏముండాదో సూడలేదు.

మొన్న ఒకటో తేదీ పెన్షను వచ్చింది. సల్మా నా వేలు పట్టి మిషను మీద పెట్టి, "వచ్చిందవ్వా" అంటాది. మీ మామ పోయినంక నా పేరు సూసుకోని నా ఇంటికొచ్చేది అదొక్కటే. అది ఉండబట్టే ఎవరి సెయ్యీ సూడకుండా ఉండాను.

నీ అత్త,
రాములమ్మ


మదనపల్లె,
ఫిబ్రవరి 16

మూడు ‘డు’లు ఉచితంగా పంపిన అత్తకు,

అందాయి. ఒకటి వాడుకుని రెండు దాచుకున్నాను.

నీ సలహా అక్షరాలా పాటించాను. కారు వేరే పేరు మీద పెట్టుకున్నాను. ఎవరి పేరని నువ్వు అడగవు, అంత పెద్ద మనసు నీది. కుర్చీ కూడా నాకే దక్కింది. ప్రస్తుతం ఏరియా మేనేజర్ రాస్తున్న ఉత్తరం నువ్వు చదువుతున్నావు, చేతులు కడుక్కున్నావా?

కారు మహిమ చెబుతాను విను. బి.కొత్తకోట దగ్గర ఒక టమాటా రైతు ఉన్నాడు. రెండేళ్లు బైకు మీద వెళితే ఎండలో నిలబెట్టి మాట్లాడేవాడు. మొన్న కారు దిగగానే కుర్చీ వేశాడు, మజ్జిగ ఇచ్చాడు. అన్నీ అయ్యాక, "పోయినేడు నువ్విచ్చిన ఇత్తనం మొలవలేదుగానీ, నువ్వు మాత్రం బాగా మొలిచినావప్పా" అన్నాడు. పొగిడాడో తిట్టాడో తేలక నవ్వి వచ్చేశాను.

ఒక్కటే ఇబ్బంది. వీధిలో ఎవరైనా చూసి అర్జీ పెడతారేమోనని కారును మూడు వీధుల అవతల నిలిపి ఇంటికి నడిచి వస్తున్నాను. పొద్దున మళ్లీ నడక. కారు కొన్నాక ఇంత నడిచే మనిషిని ఈ జిల్లాలో నేనే. వానొస్తే పరిగెత్తుకెళ్లి అద్దాలు ఎత్తి ఉన్నాయా అని చూసి వస్తాను. ఎవరైనా పోలీసు టోపీ పెట్టుకుని ఎదురొస్తే ఆ కారు నాకు తెలియనట్టు పక్కకు తిరిగి నిలబడతాను.

హార్స్లీ హిల్స్ తప్పకుండా. ఈ నెల కాదు, వచ్చే నెల.

నడుస్తున్న
మురళి

తా.క. వచ్చే ఒకటో తేదీన కూడా పెన్షను వస్తుంది కదా? ఊరికే అడుగుతున్నాను.

తా.క. తర్వాత తా.క. వచ్చాక ఒక కార్డు ముక్క రాయి. ‘డు’తో సహా రాశాను, గమనించు.


గుడుపల్లె,
ఏప్రిల్ 2

మురళికి అత్త రాసేది.

పెన్ను గట్టిగా ఒత్తితే కాయితం సినిగింది. అట్లే సదువుకో.

పోయిన నెల పెన్షను వచ్చింది, రాసేదానికి కుదర్లేదు. నిన్న ఒకటో తేదీ. తల దువ్వుకోని వాకిట్లో కూసోనుండాను. సల్మా వచ్చింది, నా గడప దాటుకోని చెంగమ్మ ఇంటికి పొయ్యింది. "ఏమే పాపా, నా వేలు కనపళ్లేదా?" అంటి. ఆ పాప ఎనక్కొచ్చి, నా ఎదురుగా కూసోని, మొగం నా మొగానికి పెట్టి నిదానంగా చెప్పింది. అట్లయితే నాకు వినపడతాది గదా.

"అవ్వా, నీ పేరు లిస్టులో లేదవ్వా. నీకు నాలుగు చక్రాల బండి ఉండాదంట."

"నాలుగు చక్రాలా? నాకుండే రెండు కాళ్లే తిరగవు గదే!"

"నేను కాదవ్వా, కంప్యూటర్ చెప్తాండాది. సొంత కారుంటే పెన్షను రాదు. కార్డూ ఆగిపోతాది."

చెంగమ్మ నవ్వింది సూడు, నాకే వినపడింది. "రాములక్కా, కారు యాడ దాచినావు, గడ్డివాములోనా? నన్ను కుప్పం ఆస్పత్రికి తీసకపో" అనింది. సాయంత్రానికి నా పేరు కారు రాములమ్మ అయిపోయింది. పిలకాయలు నోటితో హారను కొడతాండారు. నాకు వినపడదని తెలిసి, దగ్గరికొచ్చి మరీ కొడతాండారు.

వాళ్లు నవ్వనీ. నాకు నవ్వు రాలేదు. ఈ నెల ఎవరి ముందర నిలబడల్ల? మీ నాయన ఇస్తాడు, కాదనడు. తీసుకునేటప్పుడు నేను తల దించుకోవల్ల గదా. మీ మామ పోయినంక రాళ్లు మోసినాను, కలుపు తీసినాను, ఈ తల దించలేదు.

నువ్వు సదువుకున్నోడివి. పెద్దాఫీసరుకు అర్జీ రాసి పంపు. ఎవడో దొంగనాకొడుకు నా పేరు పెట్టి కారు కొన్నాడు, వాణ్ణి పట్టుకోండి అని గట్టిగా రాయి. తిట్లు నువ్వే ఏసుకో, నీకు బాగొస్తాయి.

అత్త


పుంగనూరు,
ఏప్రిల్ 9

అత్తా,

సంబోధన చిన్నదైందని అనుకోవద్దు, ఆఫీసులో కూర్చుని రాస్తున్నాను.

అర్జీ రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను. "అయ్యా, ఎవడో దొంగ..." దాకా రాగానే పెన్ను ఆగిపోతోంది. పెన్ను మార్చాను. అదీ అక్కడే ఆగింది. పెన్నులు చేసేవాళ్ల మీద నాకు నమ్మకం పోయింది.

నా మాట విను. నువ్వు ఏ ఆఫీసుకూ వెళ్లవద్దు. కుప్పంలో సోమవారం అర్జీల రోజు అంటే ఎండ, తోపులాట, నీ మోకాళ్లు. కంప్యూటర్లకు అప్పుడప్పుడు ఇలా జలుబు చేస్తుంది, దానంతట అదే తగ్గుతుంది. నేను చూసుకుంటాను. ఖాజా మొహిద్దీన్ గారితో కూడా మాట్లాడుతున్నాను. ఆయనకు దీనితో ఏం పని అని అడగవద్దు. ఈ నెలకు కావలసినవి రాణి చేత పంపిస్తాను, నాయన ముందు నిలబడే అవసరం రానివ్వను.

ఈ మధ్య అన్నం సరిగ్గా దిగడం లేదు. ఎండలకు అనుకుంటాను.

ఇంకో మాట. ఆ దొంగ మరీ అంత చెడ్డవాడు కాకపోవచ్చు. ఏదో అవసరంలో ఉండి ఉండవచ్చు. ఊరికే అంటున్నాను.

మురళి


గుడుపల్లె,
ఏప్రిల్ 22

మురళీ,

రాణి తెచ్చినవి రాణి చేతనే తిప్పి పంపినాను.

నిన్న సోమవారం కుప్పం పోయినాను. నువ్వు వద్దన్న్యావు. సల్మా తోడొచ్చింది. ఆఫీసరమ్మ మాట ఒక్కటీ పోగూడదని పెట్టెలోంచి చెవి మిషను తీసి పెట్టుకోని పోయినాను.

ఆ యమ్మ కంప్యూటరు నా పక్కకు తిప్పింది. కారు. రంగు తెలుపు అని రాసుండాది. కింద నా పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క తప్పు లేదు. మీ మామ పేరు కూడా ఉండాది. ఆయన బతికుండగా ఒక సైకిలు కూడా ఆయన పేరుతో లేదురా. పక్కన నేను వేలు పెట్టిన తేదీ. జనవరి ఇరవై.

ఆ పొద్దు నువ్వు నాకు బస్టాండులో టీ, బన్ను ఇప్పిచ్చినావు. బన్ను టీలో ముంచి మెత్తగా చేసి ఇచ్చినావు.

"అవ్వా, ఇది నీ వేలేనా?" అనింది ఆఫీసరమ్మ. కాదంటే ఎవరి మీదనో కేసు పెట్టల్లంట. నాదే అన్న్యాను. బయటికొచ్చినంక మిషను తీసేసినాను, ఇంటికొచ్చి పెట్టెలో పెట్టేసినాను.

‘డు’ నువ్వు మింగలేదని ఇప్పుడు తెలిసింది. నువ్వు కారు అనే రాసినావు, నేనే డు పెట్టుకోని సదివినాను. అది నా తప్పనుకుంటాను. నిన్ను ఒకటే అడగల్ల. ఆ పొద్దు నేను తల ఊపినప్పుడు, తప్పు విన్న్యానని నీకు తెలుసునా, తెలీదా?

దీంట్లో ఒక కాయితం పెట్టినాను. పైన మడిచి దారంతో కుట్టినాను. కింద కొంచెం జాగా వదిలినాను. ఆడ నీ వేలిముద్ర ఏసి పంపు. లోపల ఏముండాదో సూడొద్దు, అడగొద్దు. కుట్టు ఇప్పితే నాకు తెలుస్తాది.

అత్త


మదనపల్లె,
ఏప్రిల్ 27

అత్తా,

తెలుసు.

నేను "తెల్ల కారుకత్తా" అని అరిచాను. నువ్వు, "కార్డుకేనా? పెట్టుకోరా" అన్నావు. నా మొదటి ఉత్తరంలో ఆ ‘కార్డుకేనా’ అన్న మాట తీసేసి, ‘పెట్టుకోరా’ అన్నది మాత్రం రాశాను. కాబట్టి ‘డు’ మింగింది నేనే. మూడు నెలలుగా అది గొంతులోనే ఉంది.

రెండోసారి అరవాలని నోరు తెరిచాను. బస్సు హారను మోగింది. అది మోగి ఆగిపోయింది కూడా. అప్పుడైనా అరవచ్చు, అరవలేదు. ఒంటరి మనిషి, ఒంటి పేరు కార్డు, గుడుపల్లెలో ఒక అవ్వ పేరు మీద కారుందా లేదా అని ఎవరు వెతుకుతారులే అనుకున్నాను. పోయేదేమీ లేని మనిషి అనుకున్నాను. ఆ మాటే నువ్వు జాబులో రాశావు చూడు, అది చదివిన రోజు నవ్వాను. తర్వాత నవ్వలేదు.

నాయన కూడా అడిగాడు. కారు తెచ్చిన రోజున తన భుజం మీది తువ్వాలతో దాన్ని తుడిచి, "ఇది మనదేనంట్రా?" అన్నాడు.

"కాదు నాయనా, అత్తది."

"అక్కకు తెలుసునా?"

"తల ఊపింది నాయనా."

"మా యక్క అన్నిటికీ తల ఊపుతాదిరా. వినపడలేదని చెప్పుకునేదానికి సిగ్గు ఆమెకు" అని తువ్వాల దులుపుకుని లోపలికి వెళ్లాడు. ఇంతవరకు ఆ కారెక్కలేదు.

కారు నా పేరుకు మార్చుకుంటే రాణి చదువు ఆగుతుంది. ఇంకొకరి పేరుకు మారిస్తే వాళ్లకు ఇదే గతి. ఈ కారు ఎవరి పేరున పడితే వాళ్లు కాగితం మీద షావుకార్లయిపోతున్నారు, ఇలాంటి కారు ప్రపంచంలో ఇంకోటి ఉండదు. చూశావా, ఇక్కడ కూడా జోకు వేశాను. అలవాటు పోవడం లేదు. ఎవరి పేరునా ఉంచే దారి లేదు కనుక కారు అమ్మేస్తాను. ఖాజా మొహిద్దీన్ గారితో చెప్పాను. భీమరావు గారి కుర్చీ భీమరావు గారికే ఇచ్చేస్తాను. బైకు ఇంకా ఉంది.

వేలిముద్ర వేశాను. కుట్టు విప్పలేదు. రెండు రోజులు ఆ కాగితం చుట్టూ తిరిగాను. వెలుతురుకు అడ్డం పెట్టి చూశాను, అదీ చెప్పేస్తున్నాను, మడతలు తప్ప ఏమీ కనిపించలేదు. పోలీసులకు ఒప్పుకోలా? కంపెనీకి ఫిర్యాదా? ఏదైతేనేం, వేలు వేశాక దాని సిరా మూడుసార్లు కడిగినా పోలేదు.

మురళి


గుడుపల్లె,
మే 8

మురళికి అత్త రాసేది.

వేలిముద్ర అందింది. కుట్టు అట్లే ఉండాది, దారం లెక్క సూసుకున్న్యాను.

చెంగమ్మ ముందర కుట్టు ఇప్పి సూపిచ్చినాను. ఆ యమ్మ అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఏమీ లేదు గదా రాములక్కా" అనింది. అవును, ఏమీ లేదు. తెల్ల కాయితం. ఏమి రాసుండాదో తెలీకుండా వేలు పెడితే ఎట్లుంటాదో నీకు రెండు దినాలు తెలిసింది. నాకు మూడు నెలలు తెలీనే లేదు.

ఇప్పుడు రాస్తాండాను దాంట్లో. కింద నీ వేలుండాది, పైన నేనేం రాసినా నువ్వు ఒప్పుకున్నట్టే.

కారు అమ్మేది లేదు. ఆఫీసులో నా పేరు, మీ మామ పేరు పక్కపక్కన సూసినాను, వాటిని తుడిపిచ్చను. తెల్ల బోర్డు పీకి పసుపు బోర్డు ఏపియ్యి. సొంత కారయితేనే అడ్డం, ట్యాక్సీకి అడ్డం లేదని సల్మా రూలు సదివి వినిపిచ్చింది. నీ మొదుటి జాబులో ఆ ఖాజా సాయిబు చెప్పింది అదే గదరా! నీకు సిగ్గయ్యింది. ఇప్పుడు సిగ్గు పడల్సిన పని చేసి కూసున్న్యావు గదా, దానిముందర ఇది ఏపాటిది? కాయితాల కోసం వేలు పెట్టల్లంటే పెడతాను. ఈ తూరి మిషను చెవిలో పెట్టుకోని, మొత్తం సదివిచ్చుకోని పెడతాను. బస్సు పోతే పోనీ.

బోర్డు మార్చి ఊరికే నిలబెట్టేది కాదు. నెలకు రెండు శనివారాలు నువ్వు ఈడికి తీసుకొచ్చి, మా వీధోళ్లను కుప్పం ఆస్పత్రికి తిప్పల్ల. మొదుటి బేరం చెంగమ్మ. నవ్విండేదానికి ఆ యమ్మ దగ్గర రూపాయి తగ్గిచ్చేది లేదు. మిగతా దినాలు నీ కంపినీ పనికి నా బండిని బాడిగకు పెట్టుకో. ఏరియా మేనేజరు ట్యాక్సీలో దిగగూడదని మీ భీమరావు యాడన్నా రాసి పెట్టినాడా? రైతు బస్టాండుకు ఎంత అని అడిగితే, ఎంతో చెప్పి ఎక్కిచ్చుకో.

మీ నాయన్ను నా కారెక్కమని నేను చెప్పినానని చెప్పు. నా బండి ఎక్కేదానికి నా తమ్ముడికి నామోషీ ఏముండాది.

పెన్షను తిరిగొస్తాదో రాదో తెలీదు. బోర్డు మారినంక మళ్లా అర్జీ పెట్టల్లంట, పైన ఎవరో సూడల్లంట. అంతవరకు ఒకటో తేదీ వస్తే సల్మా నా గడప దాటుకోనే పోతాది. ఆ దినం పొద్దున్నే నువ్వు రావల్ల. దుడ్లు తేవద్దు. ఆ పాప దాటి పోయేటప్పుడు నా పక్కన కూసోనుండల్ల, అంతే.

పిలకాయలు ఇంకా హారను కొడతాండారు. కొట్టనీ. ఓనరమ్మను సూసి కొడతాండారు.

కాయితం అడుగున, నీ వేలికి తగిలేటట్టు, ఒక ముక్క రాసినాను. దాన్నే ఈడ ఎత్తి రాస్తాండాను: ‘ఇంగ నేను చెప్పినదానికి అత్త తల ఊపితే, ఊపింది గదా అని ఊరుకోను. ఏం విన్న్యావత్తా అని అడుగుతాను.’

సదివినావా? తల ఊపొద్దు. ఏం సదివినావో తిరుగు టపాలో రాయి.

బండి ఓనరు,
రాములమ్మ